మేకల అరుపుకి పక్కింటావిడకి నిద్ర లేదు, మా పెరట్లో ఈ గోల తగ్గించేదెలా?

పెరట్లో_మూడు_మేకలు (ప్రశ్న)

అందరికీ నమస్తే. పోస్టు పెద్దదైంది, కాస్త ఓపిక చేసుకుని చదవండి. సగం చెప్పి సగం దాచుకుంటే మీరిచ్చే సలహా కూడా సగమే పనికొస్తుంది కదా అని మొత్తం రాస్తున్నా.

మాది ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్క గోడ మాత్రమే ఉండే కాలనీ. వెనక పెరడు కాస్త పెద్దదే, అందులో ఒక మూల రేకుల షెడ్డు వేసి మూడు మేకల్ని పెంచుతున్నాం. ఇక్కడ మేకలు పెట్టుకోవచ్చా లేదా అని ముందే కనుక్కుని పర్మిషన్ తీసుకున్నాకే తెచ్చాం కాబట్టి ఆ గొడవేం లేదు. రెండు ఆడవి, ఏడాదిన్నర వయసు, ఒకటి విత్తులు కొట్టించిన పోతు. మూడింటినీ రెండు వారాల పిల్లలప్పుడే తెచ్చుకుని సీసాతో పాలు పట్టి పెంచాను, రాత్రిళ్ళు లేచి లేచి పట్టిన రోజులున్నాయి, అందుకే అవి నన్ను చూస్తే ఒక్క క్షణం ఊరుకోవు.

సమస్యంతా అరుపే. పొద్దున్న 5 గంటలకి మా వంటింట్లో లైటు వెలిగితే చాలు మొదలు. వెనక తలుపు గడియ చప్పుడైతే ఇంకో రెండింతలు. నేను కనపడ్డానా ఇక దాణా పడేదాకా ఆపవు. 11 గంటలకి మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్తే పైకి చూసి అరుస్తాయి. ఇది కాక ఆడవాటిలో పెద్దది ఉంది, గోధుమ రంగుది, చెవులు పొడుగ్గా వేలాడుతుంటాయి, అది నెలలో ఒక రెండ్రోజులు ఏమవుతుందో తెలీదు, మేత ముట్టదు, పగలనక రాత్రనక గొంతు బొంగురుపోయేదాకా అరుస్తుంది, మిగతా రెంటి మీదా ఎక్కుతుంది, మూడో రోజుకి ఏమీ జరగనట్టే మామూలైపోతుంది.

పక్కింటావిడ నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే ఇంటికొచ్చి పడుకుంటారు. ఆవిడ పడగ్గది కిటికీ సరిగ్గా మా షెడ్డు వైపే. మొదట్లో నవ్వుతూనే చెప్పారు, తర్వాత మెసేజ్ పెట్టారు, మొన్న గేటు దగ్గర ఆగి "మూడు రోజులైందండీ నేను కంటినిండా నిద్రపోయి" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ మాట అప్పట్నుంచీ నా మనసులోంచి పోవట్లేదు.

ఇప్పటిదాకా నేను చేసినవి చెప్తా. అరవగానే గుప్పెడు దాణా వేస్తున్నా, ఆగుతాయి, పది నిమిషాలకి మళ్ళీ మామూలే. గట్టిగా కసిరా, లాభం లేదు. ఒకసారి కోపంలో నీళ్ళు కూడా చల్లాను, తర్వాత చాలా బాధేసింది. షెడ్డు తలుపు మూసేస్తే అరుపు తగ్గకపోగా పోతు రేకు గోడని కొమ్ములతో పొడవడం మొదలుపెట్టింది, ఆ చప్పుడు అరుపుకంటే ఘోరం. తెలిసినాయన ఒకరు కుక్కలకి కట్టే షాక్ కాలర్ పెట్టమన్నారు, ఇంకొకరు రాత్రిళ్ళు మూతి కట్టేయమన్నారు. రెంటికీ నాకు మనసొప్పలేదు. అమ్మేయండి అనేవాళ్ళకి ముందే చెప్తున్నా, అది ఆఖరి మాట, నా చేతుల్లో పెరిగిన ప్రాణులు. అలాగని ఆవిడ నిద్ర పాడుచేసే హక్కూ నాకు లేదు. ఇలాంటిది ఎవరైనా దాటొచ్చారా? ఏం చేశారు?


మేకలతో_పాతికేళ్ళు

అమ్మా, ముందు ఆ మూతి కట్టే మాట మనసులోంచి తీసేయండి. మేక పగలు తిన్నది తీరిగ్గా పడుకుని నెమరు వేసుకుంటుంది, కడుపులో పుట్టే గ్యాసంతా త్రేనుపుల్లో బయటికి పోతుంటుంది. మూతి కట్టేస్తే రెండూ ఆగిపోయి పొట్ట ఉబ్బి తెల్లారేసరికి ప్రాణం పోవచ్చు. షాక్ కాలర్ కూడా వద్దు. భయంతో అరిచే మేకకి షాక్ ఇస్తే భయం పెరుగుతుంది తప్ప అరుపు తగ్గదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. మీరు అంతా కలిపి ఒకటే అరుపు అంటున్నారు గానీ మీరు రాసిందాంట్లోనే మూడు వేరే వేరే అరుపులున్నాయి. లైటు వెలగ్గానే వచ్చేది మేత కోసం. మేడ మీద మిమ్మల్ని చూసి అరిచేది మీ కోసం. నెలకోసారి రెండ్రోజులు వచ్చేది ఎద, అంటే పోతు కోసం తపించే సమయం. మూడింటికీ మందు ఒకటి కాదు, కలిపి చూస్తే ఏదీ తేలదు.

ఎద సంగతి ముందు చెప్తా, అది తేలిక. ఆడ మేక సుమారు 21 రోజులకోసారి ఎదకొస్తుంది, ఒకటి రెండ్రోజులు అటూ ఇటూ. ఎద ఉండేది ఒక రోజు నుంచి ఒకటిన్నర రోజు, కొన్నిట్లో రెండ్రోజులు. తోక అదే పనిగా ఆడించడం, మేత మానడం, వెనక భాగం వాచి జిగురు కారడం, తోటి మేకల మీదెక్కడం, ఆపకుండా అరవడం, ఇవన్నీ దాని గుర్తులు. మీ గోధుమ రంగుదానికి జబ్బేం లేదు. క్యాలెండర్ తీసుకుని అరిచిన మొదటి రోజు మీద గీత పెట్టండి, 21 రోజులు లెక్కేసి తర్వాతి తేదీ రాసుకోండి, రెండు మూడు సార్లకి దాని లెక్క మీకు పట్టుబడుతుంది. చలి దేశాల్లో పగటి వేళ కుదించుకుపోయే నెలల్లోనే మేకలు ఎదకొస్తాయి, వేడి ప్రాంతాల్లో ఏడాది పొడుగునా రావచ్చు, మీ దగ్గర ఎలాగో ఆ గీతలే చెప్తాయి. చెవులు పొడుగంటున్నారు కాబట్టి నూబియన్ రక్తం ఏమైనా ఉందేమో, ఆ జాతి గొంతు పెద్దదని మేకలు పెంచేవాళ్ళందరికీ తెలిసిందే. అదే సానెన్, టోగెన్‌బర్గ్ లాంటివి కొంచెం నెమ్మది. జాతి ఏదైనా ఒక్కో మేకది ఒక్కో గుణం అనుకోండి.

ఇక దాణా. ఇది మీరు తెలీక నేర్పిన అలవాటమ్మా, తప్పు పట్టడం కాదు, మేమంతా చేసిందే. అరిచింది, గుప్పెడు పడింది. మేక మహా తెలివిగల జంతువు, ఒక్కసారి చాలు దానికి. మీరు మధ్యలో రెండ్రోజులు ఊరుకుని మూడో రోజు విసిగిపోయి వేశారనుకోండి, అప్పుడు "ఇంకా ఎక్కువసేపు అరవాలి కాబోలు" అని నేర్చుకుంటుంది, అది ఇంకా మొండి. అందుకే మానేస్తే పూర్తిగా మానేయాలి. అరుస్తున్నంతసేపూ మేత వేయకండి, పలకరించకండి, కసరకండి కూడా, కసిరినా వాటికి మీరు మాట్లాడినట్టే లెక్క. నోరు మూసుకుని ఒక పది లెక్కపెట్టేంతసేపు ఉన్నాయా, అప్పుడు వెళ్ళండి. తర్వాత ఆ పదిని ముప్ఫై చేయండి, నిమిషం చేయండి. ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి, మొదటి నాలుగైదు రోజులు అరుపు తగ్గదు, పెరుగుతుంది. ఇన్నాళ్ళూ పనిచేసిన అరుపు ఇప్పుడు పనిచేయట్లేదేంటని ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాయి. చాలామంది అక్కడే ఓడిపోతారు.

లైటుకీ మేతకీ ఉన్న ముడి కూడా విప్పాలి. రాత్రి పడుకోబోయే ముందు రాక్ నిండా ఎండుగడ్డి వేసి పెట్టండి, నాలుగు రొట్ట కొమ్మలు ఎత్తులో కట్టండి, బెరడు గీకడానికీ ఆకు కోయడానికీ వాటికి చాలాసేపు పడుతుంది, తెల్లారేసరికి ఇంకా ఏదో ఒకటి మిగిలుండాలి. మీరు లేచిన ముప్పావు గంట దాకా వెనక తలుపు తీయకండి. వంటింటి కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి. వలసంచిలో గడ్డి కట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త, కొమ్ములున్న మేక వలలో చిక్కుకుని ఉరి పడ్డ సంఘటనలు నాకు తెలుసు, ఇనుప మెష్ రాక్ మంచిది.


గోడవతలి_మనిషి

నేను మేకలు పెంచను, మీ పక్కింటావిడ లాంటివాణ్ణి. మా వెనకింట్లో రెండు మేకలుండేవి, నాలుగేళ్ళు వాటి పక్కనే బతికాను, అందుకే రాస్తున్నా.

పెంచేవాళ్ళకి అర్థం కాని విషయం ఒకటుంది. మమ్మల్ని చంపేది అరుపు ఎంత గట్టిగా ఉందన్నది కాదు, ఎప్పుడొస్తుందో తెలీకపోవడం. కన్ను మూతపడగానే ఒక అరుపు, ఆగిందనుకుని మళ్ళీ మూస్తే ఇంకోటి, కాసేపటికి అరవకపోయినా దానికోసం ఎదురుచూస్తూ మెలకువగా ఉండిపోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పడగ్గదిలో రాత్రంతా సగటున 30 డెసిబెల్స్ దాటకూడదని, విడిగా వచ్చే ఒక్కో చప్పుడు 45 దాటకూడదని రెండు వేరువేరు అంకెలున్నాయి. రెండో అంకె ఎందుకు పెట్టారో మేక పక్కన పడుకుంటే తెలుస్తుంది. సగటు తీస్తే మేక అరుపు ఏమీ ఉండదు, గంటలో పది అరుపులు, మిగతాదంతా నిశ్శబ్దం, కానీ ఆ పదే నిద్రని ముక్కలు చేసేస్తాయి.

మా వెనకింటాయన చేసినవాటిలో నాకు బాగా ఉపయోగపడింది షెడ్డు మార్చడం. మీరు షెడ్డు ఆవిడ పడగ్గది కిటికీ వైపే ఉందన్నారు. చప్పుడు ఒక చోట నుంచి వస్తున్నప్పుడు దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే 4 మీటర్ల దూరంలో ఉన్న షెడ్డుని 8 మీటర్లకి జరిపితే 6 తగ్గినట్టు, 16 మీటర్లకి జరిపితే 12. చిన్న పెరట్లో అంత చోటుండదు, నిజమే, అలాంటప్పుడు కనీసం షెడ్డు తెరిచి ఉన్న వైపుని మీ ఇంటి వైపు తిప్పండి, ఆవిడ వైపు మూసున్న గోడ రావాలి. ఆ గోడ రేకు కాకూడదు. చప్పుడుని ఆపేది బరువు, ఇటుక గోడో మందపాటి చెక్కో అయ్యుండాలి, పైగా సందులుండకూడదు. మేక నోటికీ ఆవిడ కిటికీకీ మధ్య చూపు ఆనకుండా అడ్డం పడేంత ఎత్తు కావాలి, అంతకు తక్కువ కడితే లాభం చాలా తక్కువ. చాలామంది చెట్లు నాటుతారు, వరసగా నాలుగు మొక్కలు చప్పుడుని ఏమాత్రం ఆపవు, కానీ మనిషి కనపడకుండా చేస్తాయి కాబట్టి మేక మిమ్మల్ని చూసి అరిచేదైతే ఆ రకంగా పనికొస్తాయేమో.

ఇంకొకటి, ఇది గోడకంటే ముఖ్యం. ఆవిడతో కూర్చుని మాట్లాడండి, గేటు దగ్గర నిలబడి కాదు. ఆవిడ డ్యూటీ ఏ రోజులు, ఏ గంట నుంచి ఏ గంట దాకా నిద్రపోవాలి, ఏ అరుపుకి మెలకువ వస్తోంది, అడిగి రాసుకోండి. మా వెనకింటాయన నాకు తన నంబరిచ్చి ఎంత రాత్రైనా చేయమన్నాడు, నేను చేసింది రెండే సార్లు. చేస్తే లేచి వస్తాడన్న నమ్మకం ఉండటంతోనే నాకు సగం నిద్ర పట్టేది.


పశువైద్యం_చదివాను

పై ఇద్దరూ చెప్పినవి బాగున్నాయి. నేను ఆరోగ్యం వైపు నుంచి నాలుగు మాటలు కలుపుతా, ఎందుకంటే అలవాటు అనుకుని వదిలేసిన అరుపు ఒక్కోసారి నొప్పి అవుతుంది.

ముఖ్యంగా మీ పోతు గురించి. విత్తులు కొట్టించిన పోతు, అరిచినప్పుడల్లా గుప్పెడు దాణా, ఈ రెండూ కలిపి చదవగానే నాకు భయమేసింది. ధాన్యాల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అది ఎక్కువైతే మూత్రంలో రాళ్ళు కడతాయి. చిన్న వయసులో విత్తులు కొట్టిస్తే మూత్రనాళం సన్నగా ఉండిపోతుంది కాబట్టి ఆ రాయి అక్కడే ఇరుక్కుంటుంది. అప్పుడు మేక మాటిమాటికీ నడుం వంచి ముక్కుతుంది, తోక కొట్టుకుంటుంది, చుక్కలు చుక్కలుగా వస్తుంది లేదా అసలు రాదు, ముక్కుతూ అరుస్తుంది, పళ్ళు కొరుకుతుంది. చాలామంది మలబద్ధకం అనుకుని ఒక పూట చూద్దాంలే అని ఆగుతారు. ఆగకండి, అది ఎమర్జెన్సీ, మూత్రాశయం పగిలితే చేతిలో ఏమీ ఉండదు. వాడికి ఇప్పట్నుంచీ గడ్డీ ఆకూ మాత్రమే ఉంచండి, దాణా మాన్పించండి, అదీ ఒక్కసారిగా కాకుండా వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ రండి, శుభ్రమైన నీళ్ళు ఎప్పుడూ తొట్టి నిండా ఉండాలి, ఉప్పు ఇటుక ఒకటి వేలాడదీస్తే నాకి నీళ్ళు ఎక్కువ తాగుతాడు.

ఆడవాటికి కూడా దాణాతో నోరు మూయించడం ప్రమాదమే. ఒక్కసారిగా ఎక్కువ గింజ పడితే పొట్టలో ఆమ్లం పెరుగుతుంది, ఉబ్బరం వస్తుంది, చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టే జబ్బు) వస్తే సాయంత్రం బాగున్న మేక పొద్దుటికి ఉండదు. దానికి టీకా ఉంది, వేయించకపోతే మీ డాక్టర్ని అడగండి.

ఎలాంటి అరుపుకి డాక్టర్ని పిలవాలి అంటే, మేత మానడం, నెమరు వేయకపోవడం, వీపు గూనిగా పెట్టి ఒక మూల నిలబడటం, పళ్ళు కొరకడం, ఇవేవైనా అరుపుతో పాటు ఉంటే. ఒక థర్మామీటర్ ఇంట్లో పెట్టుకోండి, మేకకి మామూలుగా 101.5 నుంచి 103.5 ఫారన్‌హీట్ ఉంటుంది, మనిషి లెక్కలో జ్వరం అనిపించేదే దానికి మామూలు. 104 దాటితే ఫోన్ చేయండి. ఎద రోజున కూడా మేత తగ్గిస్తుంది కాబట్టి మొదటి రెండుసార్లు ఈ తేడా చూసుకోండి, ఎదలో ఉన్నది చురుగ్గా తిరుగుతుంది, జబ్బుతో ఉన్నది ముడుచుకుంటుంది.

కట్టించేస్తే ఎద గోల ఉండదు కదా అని ఎవరో ఒకరు అంటారు. నిజమే, సూడి కడితే, అంటే కడుపు వస్తే, సుమారు 150 రోజులు ఎద ఉండదు. ఆ తర్వాత పిల్లలు పుడతాయి, తల్లీ పిల్లా ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి, పాలు మాన్పించేటప్పుడు నాలుగైదు రోజులు రెండు వైపులా ఏడుపే. అరుపు తగ్గించడానికి మాత్రం ఆ దారి పట్టకండి. కట్టించడానికని విత్తులున్న పోతుని తెచ్చి పెట్టుకుంటే దాని అరుపు, దాని వాసన ఇంకో సమస్య.

మీ కోసం అరవడం గురించి ఒక మాట. 2016లో లండన్‌లోని క్వీన్ మేరీ యూనివర్సిటీ పరిశోధకులు మేకల ముందు మూత రాని డబ్బాలో తిండి పెట్టి చూశారు, తెరవలేకపోయినప్పుడు అవి ఎదురుగా ఉన్న మనిషి ముఖంలోకి చూశాయి, కుక్కలు చూసినట్టే. మనిషిని సాయం అడగడం వాటికి తెలుసు. సీసాపాలతో పెరిగినవైతే చెప్పే పనే లేదు, మీరే వాటి మంద. అందుకే వాటిమీద కోపం తెచ్చుకోకండి.


రేకుల_షెడ్డు

అక్కా, రేకు పొడిచే చప్పుడుకి నేను చేసింది చెప్తా. లోపలి వైపు మేక కొమ్ము అందే ఎత్తు దాకా మందపాటి చెక్క పలకలు బిగించి, వాటికీ రేకుకీ మధ్య పాత రబ్బర్ మ్యాట్లు ఇరికించా, పొడిచినా దబ్ మని చిన్న చప్పుడు తప్ప మోగదు. ఇనుప బకెట్లు తీసేసి రబ్బర్ తొట్లు పెట్టా. పైకప్పు మీదకి ఎక్కే దారి ఏదైనా ఉంటే తీసేయండి, మావి పొద్దున్నే రేకు మీద గెంతేవి. పొడుచుకోవడానికి వేరే ఏదైనా ఇవ్వండి, ఒక పెద్ద చెట్టు మొద్దు పాతేస్తే రోజంతా దాంతోనే ఉంటాయి. షెడ్డుని మాత్రం సందుల్లేకుండా మూసేయొద్దు, గాలి ఆడకపోతే మూత్రం వాసన ఘాటెక్కి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, పైన ఒక జానెడు మీ ఇంటి వైపు వదలండి.


పెరట్లో_మూడు_మేకలు

అందరికీ చాలా చాలా థాంక్స్. పోతు విషయం చదివి చేతులు చల్లబడ్డాయి, ఇవాళే దాణా తగ్గించడం మొదలుపెట్టా, నీళ్ళ తొట్టి కడిగి రెండోది కూడా పెట్టా. వాడు బానే పోస్తున్నాడు, నిలబడి చూశా.

రెండు సందేహాలు. పట్టించుకోకుండా వదిలేస్తే మొదటి నాలుగైదు రోజులు పెరుగుతుందన్నారు, ఆ నాలుగైదు రోజులూ పడేది నేను కాదు కదా, ఆవిడ. ఇప్పటికే నిద్రలేని మనిషిని ఇంకో వారం ఓర్చుకోమని ఏ ముఖంతో అడగను? రెండోది, తోడు తక్కువై అరుస్తున్నాయేమో ఇంకో మేకని తెమ్మంటున్నారు మావాళ్ళు, తేవాలా?


మేకలతో_పాతికేళ్ళు

తేవద్దమ్మా. ఒంటరి మేక తోడు కోసం ఏడుస్తుంది, అది నిజం, మేకని ఒక్కదాన్ని ఎప్పుడూ పెంచకూడదు. మీకు మూడున్నాయి, ఆ లోటు లేదు. కొత్తదాన్ని తెస్తే అది పాత ఇంటి కోసం వారం ఏడుస్తుంది, పైగా మీ మూడూ దాన్ని కుమ్మి మందలో దాని చోటేంటో తేల్చేదాకా ఇంకో గోల.

మొదటి ప్రశ్న మంచిది, అది అడిగినందుకే మీరు గట్టెక్కుతారని నాకు నమ్మకం. ఆవిడని అడగండి, ఎప్పుడు వరసగా నాలుగైదు రోజులు సెలవుందో, లేకపోతే ఎప్పుడైనా ఊరెళ్తున్నారో, ఆ రోజుల్లోనే మొదలుపెట్టండి. అదీ కుదరకపోతే ముందు వేరే దారిలో సగం తగ్గించండి, అరవడానికి అవకాశమే ఇవ్వకుండా. అంటే లైటు కనపడకూడదు, గడియ వినపడకూడదు, మీరు కనపడకూడదు, రాత్రి వేసిన గడ్డి తెల్లారేదాకా ఉండాలి. పుట్టని అరుపుని మాన్పించే పని లేదు. ఇంకొకటి, మేత వేసేది ప్రతిసారీ మీరే కానక్కర్లేదు. ఇంట్లో ఇంకెవరైనా వారంలో సగం రోజులు వేస్తే, అదీ రోజూ ఒకే టైముకి కాకుండా కొంచెం అటూ ఇటూగా వేస్తే, మీరు కనపడగానే మేత అన్న లెక్క వాటి బుర్రలో సడలిపోతుంది. అలాగని మీరు దూరమైపోవద్దు, రోజులో ఒక అరగంట, అవి నెమ్మదిగా నెమరు వేస్తున్నప్పుడు, ఖాళీ చేతులతో వెళ్ళి పక్కన కూర్చోండి. ఏమీ పెట్టకండి. అరవనప్పుడు కూడా మీరొస్తారని వాటికి తెలియాలి.


గోడవతలి_మనిషి

అడగండి, మొహమాటపడకండి. "ఈ వారం ఎక్కువవుతుంది, ఫలానా తేదీ నుంచి తగ్గుతుంది, తగ్గకపోతే వేరే దారి చూస్తా" అని తేదీతో చెప్పేవాళ్ళని ఎవరూ కాదనరు. తేదీ లేకుండా "తగ్గిస్తామండీ" అంటే మాత్రం నేనైతే నమ్మను.


పెరట్లో_మూడు_మేకలు (పన్నెండు వారాల తర్వాత)

ఎవరికైనా పనికొస్తుందని మళ్ళీ రాస్తున్నా.

ఆవిడని ఇంటికి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాను. ఆవిడ నిద్ర పొద్దున్న 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా అట. నేను ఇన్నాళ్ళూ తెల్లవారుజామున 5 గంటల అరుపు గురించే బెంగపడుతున్నా, ఆ టైముకి ఆవిడ ఇంట్లోనే ఉండరు! ఆవిడని లేపుతున్నది నేను 11 గంటలకి మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు వచ్చే అరుపు. అడక్కపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. బట్టలు ఆరేయడం మధ్యాహ్నం 2 దాటాక పెట్టుకున్నా, దాంతోనే ఆవిడకి సగం బాధ పోయింది. పొద్దుటి అరుపు మా వెనకాల ఇంట్లో చంటిబిడ్డ ఉన్నవాళ్ళని లేపుతోందని అప్పుడే తెలిసింది, వాళ్ళు మొహమాటానికి చెప్పలేదంతే.

ఆవిడ సెలవు పెట్టుకున్న ఐదు రోజుల్లో మేత అలవాటు మార్చడం మొదలుపెట్టా, చంటిబిడ్డ వాళ్ళకి కూడా ముందే చెప్పా. రెండో రోజూ మూడో రోజూ భరించలేకపోయా, చిన్నది అరిచి అరిచి దగ్గింది, నేను తలుపు వెనక నిలబడి ఏడ్చా, దాదాపు వెళ్ళబోయా, మా ఆయన ఆపారు. ఆరో రోజుకి తేడా తెలిసింది. ఇప్పుడు పొద్దున్న లైటు వేస్తే తలెత్తి చూస్తాయి, ఒకటి రెండు అరుపులు, అంతే. మేత వేసేవాళ్ళం ముగ్గురం, టైము మారుతుంటుంది. పోతుకి దాణా పూర్తిగా మాన్పించేశాం, మెరుస్తున్నాడు.

షెడ్డు జరపలేకపోయాం, చోటు లేదు. తెరిచిన వైపు మా ఇంటి వైపుకి తిప్పాం, ఆవిడ వైపు ఇటుక గోడ కట్టించాం, లోపల చెక్కా రబ్బరూ వేశాం. మొద్దు పాతాం, పోతు దాన్ని వదలట్లేదు.

పెద్దదాని ఎద మాత్రం తగ్గలేదు, తగ్గేదీ కాదని ఇప్పుడు తెలుసు. గీతలు పెట్టి మధ్య రోజులు మూడుసార్లు లెక్కేశా, 20, 21, 21 వచ్చింది. ఆ తేదీ పక్కింటికీ వెనకింటికీ రెండ్రోజుల ముందే మెసేజ్ పెడుతున్నా. ఆ రెండు రోజులు పగలు ఆవిడ పడుకునే టైములో దాన్ని తోడుగా చిన్నదాన్నీ కలిపి ఇంటికి ఇటువైపున్న సందులోకి మార్చి రొట్ట కట్టి నేనూ అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నా, పక్కన మనిషుంటే కొంచెం తక్కువ అరుస్తోంది. మొన్న మెసేజ్ పెడితే ఆవిడ నుంచి "ఆ రెండు రోజులు మా అక్క వాళ్ళింట్లో పడుకుంటాలెండి, పర్లేదు" అని రిప్లై వచ్చింది. తర్వాతి తేదీ వచ్చే గురువారం. పొద్దున్నే రొట్ట కోసి పెట్టుకోవాలి.